అర లీటరు పెన్న

ఇప్పుడు నెల్లూళ్ళు రెండు. ఒకటి మనం ఉండేది, రెండోది ఫోన్లలో, ఫొటోల్లో ఉండేది. ఆ రెండో ఊళ్ళో కరెంటు తీగలు లేవు, ఫ్లెక్సీలు లేవు, ట్రంకు రోడ్డు మీద రాంగ్ సైడ్‌లో ఎదురొచ్చే ఆటో లేదు. పెన్నలో ఏడాది పొడవునా నీళ్ళు. అక్కడ ఇళ్ళ అద్దెలు ఎలా ఉన్నాయో ఎవరైనా కనుక్కుని చెబితే కుటుంబంతో సహా మారిపోవడానికి సిద్ధంగా ఉన్నాను. ఆ ఊరిని కట్టింది ఫోన్లతో ఫొటోలు తీసే మన పిల్లలే. టెండర్లు పిలవలేదు, శంకుస్థాపన చేయలేదు, బిల్లులు పెట్టలేదు. బహుశా అందుకే వాళ్ళ సేవను ఇంతవరకు ఏ ప్రభుత్వమూ గుర్తించలేదు. ఆ లోటు తీర్చడం పౌరుడిగా నా బాధ్యత.

ముందు పెన్న సంగతి. తల్పగిరి రంగనాథస్వామి గుడి ఏటి ఒడ్డునే ఉంది. గాలిగోపురం, దాని ముందు ఏరు, ఏట్లో గోపురం నీడ. ఊరికి ఇంతకు మించిన ఫొటో లేదు. కాకపోతే దానికి ఏరు కూడా ఒప్పుకోవాలి. ఏడాదిలో చాలా నెలలు పెన్న అంటే ఇసుక, ముళ్ళకంప, మధ్యలో మొహమాటంగా పారే ఒక పాయ. వస్తే మాత్రం 2021 నవంబరులో వచ్చినట్టు వస్తుంది, పడుగుపాడు దగ్గర రైలుకట్టను కోసేసి, హైవే మీద లారీలను బారులు తీర్పించి. అప్పుడు ఫొటోకు కావలసినన్ని నీళ్ళున్నాయి. నిలబడి తీయడానికి చోటే లేదు.

ఈ చిక్కును ఒక కుర్రాడు ఎలా విడదీశాడో చూడండి. గట్టు మీద సిమెంటు పగిలి చిన్న గుంట పడిన చోటు వెతుక్కున్నాడు. సంచిలోంచి సీసా తీసి అందులో నీళ్ళు వంపాడు. ఎక్కువ కాదు, అర లీటరు. పైన తేలిన ఎండుటాకును చిటికెన వేలితో తీసి పక్కన పెట్టాడు. మోకాళ్ళ మీద కూర్చుని ఫోను తలకిందులుగా పట్టుకుని, కెమెరా నీళ్ళకు తగిలీ తగలకుండా ఉంచాడు. "అన్నా, కొంచెం పక్కకు జరగన్నా, ఫ్రేములోకి వస్తుండావు" అన్నాడు పూలు కొనుక్కుని గుడికి పోయే ఆయనతో. అంతే, తెర మీద గోపురం రెండయింది. పెన్న కనుచూపు మేర నిండిపోయింది.

సోమశిల జలాశయాన్ని 78 టీఎంసీలు పట్టేలా కట్టుకున్నాం. అందులోంచి ఏట్లోకి నీళ్ళు వదలాలంటే సమావేశాలు, తీర్మానాలు, ఆయకట్టు కింద రైతుల టెన్షన్. ఇక్కడ అర లీటరుతో పనైపోయింది. ఆ ఫొటో చూసి కువైట్‌లో ఉన్న మా బంధువు ఒకాయన రాత్రికి రాత్రే ఫోన్ చేశాడు. "ఏరు నిండుగా పారుతుండాదే! రెండో పంటకు నీళ్ళిస్తారంటనా?" జలవనరుల శాఖ ఆ కుర్రాణ్ణి సలహాదారుగా పెట్టుకుంటే ప్రాజెక్టుల ఖర్చు బాగా తగ్గుతుంది.

ఇక నైట్ లైఫ్. మనకు అది లేదని హైదరాబాదు నుంచి వచ్చిన వాళ్ళు ఎగతాళి చేస్తుంటారు. ఉంది. సాయంత్రం ఆరింటికి మొదలై తెల్లవారేదాకా నడుస్తుంది, ప్రవేశ రుసుము లేదు, సంగీతం నేరుగా చెవిలోనే. నెల్లూరు దోమల గురించి కొత్తగా చెప్పేదేముంది! రాత్రి ఫొటోకు కావలసిందేమో కదలకుండా నిలబడడం. కెమెరా షట్టర్ పది, పదిహేను సెకన్లు తెరిచి ఉంచాలి. ట్రైపాడ్‌కు చర్మం లేదు కాబట్టి అది నిలబడుతుంది. మనిషి మాత్రం ఆ పదిహేను సెకన్లలో తన మోచేతులు, మెడ, చీలమండలు తానే వాయించుకుంటూ ఉంటాడు. తపస్సు చేసే రుషులకు కూడా అడవిలో ఇంత పరీక్ష పెట్టి ఉండరు.

ఆ స్లో షట్టర్‌లో ఒక పెద్ద రాజకీయ సత్యం ఉంది. గాంధీబొమ్మ సెంటర్లో రాత్రిపూట అలాంటి ఫొటో తీసి చూడండి. కదిలేదేదీ అందులో నిలవదు. బైకులు ఎర్ర గీతలవుతాయి, ఆటోలు పచ్చ గీతలవుతాయి, నడిచే జనం పూర్తిగా మాయమవుతారు. బండి తోసుకుపోయే వాడు లేడు, ఇంటికి పరిగెత్తే షాపు అమ్మాయి లేదు. చివరికి మిగిలేది ముగ్గురు: గాంధీగారు, రోడ్డు మధ్యలో పడుకున్న ఆవు, పుట్టినరోజు ఫ్లెక్సీలో రెండు చేతులూ జోడించిన నాయకుడు. జనం తుడిచిపెట్టుకుపోయినా ఆయన రెప్ప కూడా వేయడు. కెమెరా అబద్ధం చెప్పదని పెద్దలు ఊరికే అన్లేదు.

సెకండ్ షో వదిలే వేళకు టిఫిన్ బండి దగ్గర ఫొటోగ్రాఫర్ల రెండో షిఫ్టు మొదలవుతుంది. కారం దోసె పెనం మీదుండగా ఆవిరి తీయాలి, ప్లేట్లో పడ్డాక పైనుంచి తీయాలి, తుంచేటప్పుడు ఒక వీడియో. ఈలోగా దోసె చల్లారి తోలవుతుంది. ఒక బండాయన ఇప్పుడు పిండి వేయకముందే అడుగుతున్నాడు: "తినేదానికా సామీ, తీసేదానికా?" తీసేదానికైతే నెయ్యి ఎక్కువ, కారం పైపైన. ఆ తర్వాత ఆ ఫొటోకు ఏదో ఫిల్టర్ వేస్తారు. రాత్రి నీలమవుతుంది, మనుషులు నారింజ రంగు తిరుగుతారు, ఎర్రగా నోరూరించిన కారం ఇటుకపొడి అవుతుంది. బండాయన చేతులు మాత్రమే ఉంటాయి, ముఖం కత్తిరింపులో పోతుంది.

మైపాడు బీచి మీద చెప్పేది కొద్దిగానే ఉంది. ఊరికి పాతిక కిలోమీటర్ల దూరం, తూర్పు తీరం. సూర్యుడు అక్కడ సముద్రంలోంచి లేస్తాడు. ఇది చాలా కాలంగా జరుగుతున్నదే. అయితే దానికి మనం నాలుగింటికి లేవాలి. మన వాళ్ళు మధ్యాహ్నం బిర్యానీ తిని బయల్దేరి, ఐదింటికి ఫొటో తీసి, యాప్‌లో ఆకాశం మార్చేసి, బంగాళాఖాతంలోనే సూర్యుణ్ణి అస్తమింపజేస్తున్నారు. భూమి తిరిగే దిక్కును నిద్రకు అనుకూలంగా సవరించడం చిన్న విషయం కాదు.

పులికాట్ సరస్సు పక్షులది ఇంకో ఇబ్బంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు సూళ్ళూరుపేట, తడ, దొరవారిసత్రం తిరుపతి జిల్లాలోకి పోయాయి. ఫ్లెమింగోలకు గెజిట్ అందినట్టు లేదు, పాత చోటికే వస్తున్నాయి. నెల్లూరు కుర్రాళ్ళకూ అందినట్టు లేదు, ఇప్పటికీ 'మన నెల్లూరు బ్యూటీ' అనే పెడుతున్నారు. దొరవారిసత్రం దగ్గరి నేలపట్టులో చెట్ల మీద గూళ్ళు కట్టుకునేది గూడబాతులు, అంటే పెలికాన్లు. అవి కూడా ఫొటోల్లో ఫ్లెమింగోలై, ఆ పేరుకు తగ్గట్టు గులాబీ రంగు కూడా తెచ్చుకుంటున్నాయి. అసలు ఫ్లెమింగోకు ఆ రంగు తినే తిండి వల్ల వస్తుంది, రావడానికి కాలం పడుతుంది. బాతుకు ఒక్క నొక్కుతో వస్తోంది. ఫోన్ జూమ్‌లో ఏ పక్షి అయినా మడి మీద ఉప్పు చల్లినట్టే ఉంటుంది కాబట్టి తప్పు పట్టేవాళ్ళు కూడా లేరు.

ఉదయగిరి కోట కోసం కృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడి వేసి 1514లో పట్టుకున్నాడు. ఇప్పుడు ప్రీ వెడ్డింగ్ బృందం డ్రోన్‌తో ఒక బ్యాటరీ అయ్యేలోగా పట్టుకుంటోంది. కొండెక్కే పని లేదు. కింద ఊళ్ళో చెక్క స్పూన్లు చెక్కే వాళ్ళ వైపు ఆ డ్రోన్ ఒక్కసారి కూడా తిరగదు. గౌను తోక పట్టుకునే తమ్ముడు మాత్రం ప్రతి షాట్‌లో అడ్డమొచ్చి తిట్లు తింటుంటాడు.

ఇన్నిటిలో ఫిల్టర్‌కు లొంగనిది రొట్టెల పండగ ఒక్కటే. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో జనం నీళ్ళలో దిగి రొట్టెలు మార్చుకుంటారు. కోరిక తీరిన వాళ్ళు ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు తీసుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, ఇల్లు రొట్టె, విదేశీ రొట్టె. అంత జనంలో ఎవర్నీ పక్కకు జరగమనలేరు, ఫ్రేము ఖాళీ కాదు. వ్యూస్ రొట్టె ఎక్కడిస్తారని అడిగే వాళ్ళు కూడా త్వరలో బయల్దేరతారనే అనుకుంటున్నాను.

అలాంటి రద్దీలో ఒక రీల్సు కుర్రాడు, పెళ్ళి కూడా కానివాడు, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఒక పెద్దామె చేతిలోంచి రొట్టె అందుకున్నాడు. ఎదురుగా స్నేహితుడు ఫోను పట్టుకున్నాడు. ఫోకస్ పోయింది. "ఇంకోసారి ఇయ్యమ్మా" అన్నాడు. ఇచ్చింది. వెనక ఎవరో అడ్డమొచ్చారు. "లాస్ట్ అమ్మా, ఒక్కటంటే ఒక్కటి." మళ్ళీ ఇచ్చింది. ఈసారి వీడియో బాగా వచ్చింది. కుర్రాడు రొట్టె తుంచి నోట్లో వేసుకుని, థాంక్స్ అమ్మా అని గట్టుకేసి తిరిగాడు.

"ఇది సంతానం రొట్టె నాయనా" అంది పెద్దామె. "మూడుసార్లు తీసుకుంటివి. ముగ్గుర్నీ నువ్వే సాక్కోవాల."