పాడైందంటారా? పనిచేస్తున్న ఫోన్‌ను?

ఇంటర్నెట్ కనెక్షన్ పిల్లవాడు ఇప్పుడే గేటు దాటాడు. ఒళ్లు ఇంకా మండుతోంది, ఆ మంటలోనే రాస్తున్నా.

నల్లగొండలో మా ఇంటికి నిన్న కొత్త రౌటర్ పెట్టారు. పిల్లల ఫోన్లు, కొత్త టీవీ టక్కున కలిశాయి. 2014లో కొన్న ప్రింటర్ మాత్రం కలవదు. అమ్మ పాత ఫోన్‌లో వైఫై పేరు కనిపిస్తుంది, ఒక్కో అక్షరం చూసుకుని పాస్‌వర్డ్ కొట్టినా కనెక్ట్ కాదు. దానికి ఆ పిల్లవాడు ఏమన్నాడో తెలుసా? "గియ్యన్నీ పాతయి సార్, పారేసి కొత్తయి కొనుక్కోండ్రి." అదీ అమ్మ ముందే! పాలమూరులో ఉన్న మా అక్కతో ఆమె రోజూ వీడియోలో మాట్లాడేది ఆ ఫోన్‌లోనే. అందులో ఏది ఎక్కడుందో ఆమెకు కళ్లు మూసుకున్నా తెలుసు. "నిజంగనే పాడైందా బిడ్డా?" అని మెల్లగా అడిగింది. నాకు కడుపు రగిలిపోయింది.

ఏమీ పాడవలేదు. వైఫైకి తాళం వేసే సెక్యూరిటీని కొత్త పద్ధతి డబ్ల్యూపీఏ3 ఒక్కదానికే పెట్టి చేతులు దులుపుకున్నాడు, అంతే. అది వచ్చిందే 2018లో. అంతకు నాలుగేళ్ల ముందు కొన్న ప్రింటర్‌కు అదెట్లా అర్థమవుతుంది? పాత పద్ధతి డబ్ల్యూపీఏ2, కొత్త డబ్ల్యూపీఏ3 రెండింటినీ ఒప్పుకునే సెట్టింగ్ రౌటర్ సెట్టింగ్స్‌లో అదే పేజీలో ఉంది. ఇవాళ మళ్లీ పిలిపించి, పక్కన నిలబడి మార్పించాను. ప్రింటర్ మీద మిణుకుమిణుకుమంటున్న నీలం లైటు నిలకడగా వెలిగింది. అమ్మ ఫోనూ కలిసింది. ఇంత చిన్న పనికి ముసలామెను అంత బాధపెట్టాలా?

పైగా రౌటర్ సిగ్నల్ పంపే రెండు ఫ్రీక్వెన్సీల్లో 2.4 గిగాహెర్ట్జ్ ఆపేస్తాడట, 5 ఉంటే చాలట! 5లో స్పీడ్ ఎక్కువే, కాదనను. కానీ గోడలు అడ్డమొస్తే అది తొందరగా నీరసపడుతుంది. మా గేటు కెమెరాకు తెలిసింది 2.4 ఒక్కటే. అది ఆపితే కెమెరా ఏం చూస్తుంది? రౌటర్ పెట్టిన చోటు సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. వైరు ఆదా చేయడానికి వీధి వైపు కిటికీ దగ్గర బిగించారు. సిగ్నల్ సగం వీధికే పోతోంది, వంటింట్లో ఒక్క గీత.

అసలు ఈ "పారెయ్యండి" అనే మాట వింటేనే నాకు ఎప్పటినుంచో మంట. మిక్సీకి కప్లర్ అరిగిందని పట్టుకుపోతే పార్ట్ రాదు, ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వండి అంటారు. ఫ్యాన్‌కూ అదే మాట, టీవీకీ అదే మాట. విప్పి చూసేవాడే లేడు. కష్టపడి కొనుక్కున్న వస్తువు మనుషులకు ఇంత అలుసా? ఆ డబ్బు వాళ్ల జేబులోది కాదు కదా!

రౌటర్ సెట్టింగ్స్ మార్చుకునే అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగితే "అది ఆఫీసోళ్ల దగ్గరుంటది సార్" అన్నాడు. నెలనెలా బిల్లు కట్టేది నేను, ఇల్లు నాది, తాళం వాళ్ల దగ్గరా? రేపు ఆఫీసుకే పోతున్నా. పాస్‌వర్డ్ చేతికొచ్చేదాకా అక్కడి నుంచి కదలను.