ఆ గొర్రెల కాపరి గురించి ఎవరూ మాట్లాడరేం?

రష్యన్ పెయింటింగ్‌లలో నకిలీల మాట వస్తే చాలు, ఫలానా కోటీశ్వరుడికి ఎంత నష్టం వచ్చిందన్న లెక్కలే వినిపిస్తాయి. నాకు కోపం తెప్పించేది వేరే విషయం. చాలాకాలంగా రాయాలనుకుంటున్నాను.

2004 మే నెలలో లండన్‌లో సోథెబీస్ వేలం సంస్థ వాళ్లు ఒక ల్యాండ్‌స్కేప్‌ను వేలానికి పెట్టారు. వాగు, చెట్లు, కింద పందొమ్మిదో శతాబ్దపు రష్యన్ అడవుల చిత్రకారుడు ఇవాన్ షిష్కిన్ సంతకం. అంచనా ధర 7 లక్షల పౌండ్ల దాకా. అది షిష్కిన్‌దేనని మాస్కోలోని రష్యన్ చిత్రాల మ్యూజియం త్రెత్యాకోవ్ గ్యాలరీ ఇచ్చిన సర్టిఫికెట్ కూడా ఉంది. తీరా వేలం మొదలయ్యే ముందు దాన్ని పక్కకు తీసేశారు. ఎందుకంటే అదే కాన్వాస్ అంతకు ఏడాది ముందు స్టాక్‌హోంలో మారినస్ కుక్‌కుక్ అనే డచ్ చిత్రకారుడి పేరుతో అమ్ముడుపోయింది. అప్పుడు పలికింది సుమారు 65 వేల డాలర్లు. ఈ రెండు అమ్మకాల మధ్య ఎవరో బొమ్మలోని కాపరినీ అతని గొర్రెలనూ మాయం చేసి, షిష్కిన్ సంతకం చేర్చారు. పౌండ్లను డాలర్లలోకి మార్చి చూస్తే అంచనా ధర పదిహేను రెట్లు దాటింది.

మా ఇంట్లో విశాలాంధ్రలో కొన్న రష్యన్ పుస్తకాలు ఉండేవి. ఆ అడవులూ మంచూ చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి షిష్కిన్ అంటే నాకు ప్రాణం. అయినా ఈ కథలో నా మనసు కుక్‌కుక్ వైపే ఉంది. 1868లో చనిపోయిన మనిషి. తన బొమ్మను ఎవరో చెరిపి, తన పేరే లేకుండా చేస్తే అడగడానికి రాలేడు.

త్రెత్యాకోవ్ నిపుణులు ఎలా పొరబడ్డారని చాలామంది ఎగతాళి చేస్తారు. అది అన్యాయం. షిష్కిన్ యువకుడిగా జ్యూరిక్‌లో, డ్యూసెల్‌డార్ఫ్‌లో పనిచేశాడు. 1865లో రష్యన్ కళా అకాడమీ నుంచి అకడమీషియన్ హోదా వచ్చింది కూడా డ్యూసెల్‌డార్ఫ్ పరిసరాలను గీసిన దృశ్యానికే. అంటే అతని తొలినాటి చెట్లు పశ్చిమ యూరప్ చెట్లలాగే ఉంటాయి. మోసగాళ్లు సరిగ్గా ఆ సందులోంచే దూరారు.

ల్యాబ్ పరీక్ష కూడా ఇలాంటిచోట సగమే పనికొస్తుంది. పందొమ్మిదో శతాబ్దపు బొమ్మలో టైటానియం వైట్ కనిపిస్తే అనుమానించాల్సిందే, ఎందుకంటే ఆ తెలుపు వాడకంలోకి వచ్చింది 1920 ప్రాంతంలో. కానీ ఇక్కడ కాన్వాస్ పాతదే, రంగులు పాతవే, పగుళ్లు కూడా నిజంగా కాలం వేసినవే. ల్యాబ్ వయసు చెబుతుంది, గీసిన చెయ్యి ఎవరిదో చెప్పదు. దొంగ దొరికేది అతను ముట్టుకున్న చోటే. అతినీలలోహిత కాంతి కింద పాత వార్నిష్ పచ్చగా మెరుస్తుంటే, దాని మీద కొత్తగా వేసిన రంగు నల్లటి మచ్చలా తేలుతుంది. మైక్రోస్కోప్ కింద చూస్తే పాత పగుళ్లలోకి సంతకం రంగు ఇంకి ఉంటుంది. పగులు పుట్టాక పెట్టిన సంతకం అన్నమాట.

అసలు సంతకాన్ని మనం ఎందుకంత నమ్ముతాం? షిష్కిన్‌కు అన్నిటికంటే పేరు తెచ్చిన 1889 నాటి 'పైన్ అడవిలో ఉదయం' చూడండి. అందులో ఎలుగుబంట్లు గీసింది అతని మిత్రుడు సవిత్‌స్కీ. ఇద్దరి సంతకాలూ ఉండేవి. దాన్ని కొన్న త్రెత్యాకోవ్, అంటే ఆ గ్యాలరీని స్థాపించినాయన, సవిత్‌స్కీ పేరు తీయించేశాడు! నకిలీ కాని బొమ్మ మీద సంతకమే పూర్తి నిజం చెప్పకపోతే, వేలంపాటలో మూలనున్న నాలుగు అక్షరాలకు లక్షల పౌండ్లు కట్టడం నాకు అర్థం కాదు. 1918కి ముందు రష్యన్లు పేరు చివర రాసిన 'ъ' గుర్తు ఉంది కాబట్టి అసలుదే అనేవాళ్లూ ఉన్నారు. ఆ గుర్తు గురించి మోసగాడికి తెలియదా?

మరి ఏం చూడాలి? నన్నడిగితే ముందు బొమ్మను తిప్పి వెనక చూడాలి. దాత్సియారో లాంటి పాత రంగుల దుకాణాల ముద్రలు, ఫ్రేమ్ చెక్క, అతికించిన చీటీలు. తర్వాత ఎవరి దగ్గరి నుంచి ఎవరి దగ్గరికి వచ్చిందో ఆరా తీయాలి. ముఖ్యంగా గత ఇరవై ముప్పై ఏళ్ల డెన్మార్క్, స్వీడన్, జర్మనీ వేలం కేటలాగులు తిరగేయాలి. విసుగు పుట్టించే పనే. కానీ షిష్కిన్ విషయంలో మోసం బయటపడింది సరిగ్గా ఇలాంటి పోలికతోనే.

2007 నుంచి రష్యాలో ఇలా మార్చేసిన బొమ్మల కేటలాగులు అచ్చయ్యాయి. పాత రూపం ఒకపక్క, మార్చిన రూపం ఇంకోపక్క. కొనేవాళ్లను కాపాడటానికి వేసినవి అవి. చెరిగిపోయిన ఆ చిత్రకారుల పేర్లను ఆ బొమ్మలకు తిరిగి ఇవ్వడానికి కూడా వాటిని వాడాలని నా కోరిక. షిష్కిన్ సంతకాన్ని తుడిచేయొచ్చు. కాపరి మీద రంగు మాత్రమే పూసి ఉంటే, పాత బొమ్మలను ఓపికగా బాగుచేసే రిస్టోరర్ అతన్నీ బయటికి తేగలడు. గీకేసి ఉంటే మాత్రం అతను ఇక లేడు.