పూడికకు రిబ్బన్ కట్టండి

అమెరికాలో కొండ మీద కొత్త కాలిబాట వేస్తామంటే డబ్బిచ్చేవాళ్లు దొరుకుతారు. వేసిన బాటలో పూడిక తీస్తామంటే మొహం చాటేస్తారు. ఇదేదో లోపమని, ఈ బాటల్ని బాగుచేసుకునే ట్రెయిల్ క్లబ్బుల వాళ్లు గొణుగుతుంటారు. పాలనలో లోతుపాతులు తెలియక అంటున్న మాటలవి. పూడిక ముందు నిలబడి ఏ పెద్దమనిషైనా ఫొటో దిగుతాడా?

1964 నాటి ల్యాండ్ అండ్ వాటర్ కన్సర్వేషన్ ఫండ్ చట్టాన్నే తీసుకోండి. సముద్రంలో చమురు, గ్యాస్ తవ్వుకునే కంపెనీలు కట్టే సొమ్ములోంచి పార్కులకు, బాటలకు నిధులిస్తారు. రాష్ట్రాల ద్వారా ఊళ్లకు వచ్చే గ్రాంటుతో చేసే పనిలో సగం ఖర్చు ఈ నిధిది, సగం ఊరిది. ఆ డబ్బు తగిలిన స్థలం ఇక శాశ్వతంగా జనం ఆటపాటలకే. వేరే పనికి మళ్లించాలంటే కేంద్రంలో ప్రభుత్వ భూములు చూసే ఇంటీరియర్ శాఖ ఒప్పుకోవాలి, అంతే విలువ చేసే, అంతే పనికొచ్చే మరో స్థలం చూపించాలి. బంగారంలాంటి నియమం. మరి ఆ శాశ్వతకాలం పొడుగునా విరిగిపడే చెట్లకు, కొట్టుకుపోయే మట్టికి ఎవరిస్తారు? నిర్వహణ ఖర్చు ఈ నిధి కిందకు రాదు. పెళ్లి ఘనంగా చేశాం, కాపురం మీ తిప్పలు మీరు పడండి!

2020లో వచ్చిన గ్రేట్ అమెరికన్ అవుట్‌డోర్స్ చట్టం ఈ నిధికి ఏటా 90 కోట్ల డాలర్లు ఖాయం చేసింది, గడువు లేకుండా. కేంద్రం భూముల్లో పేరుకుపోయిన మరమ్మతులకూ అదే చట్టం ఏటా 190 కోట్ల దాకా ఇచ్చింది, కాదనం. కాకపోతే 2021 నుంచి 2025 వరకే. సమకూర్చుకోవడం నిత్యకృత్యం, బాగుచేసుకోవడం పంచవర్ష ప్రణాళిక.

1991లో మొదలైన రిక్రియేషనల్ ట్రెయిల్స్ ప్రోగ్రామ్ అనే మరో కేంద్ర గ్రాంటు మాత్రం ఈ సంప్రదాయం పరువు కాస్త తీసింది. అది మరమ్మతులకూ ఇస్తుంది. అడవి దారుల్లో తిరిగే మోటారు బళ్ల పెట్రోలు పన్నే దానికి ఆధారం. 30 శాతం మోటారు బాటలకు, 30 శాతం నడక, సైకిల్, గుర్రాల బాటలకు, 40 శాతం అందరూ కలిసి వాడుకునేవాటికి. దుమ్ము రేపుకుంటూ పోయేవాడి పన్నుతో, ఆ దుమ్మును తిట్టుకుంటూ నడిచేవాడికి బాట. ఇంతకన్నా సామరస్యం ఏం కావాలి? అయితే ముందు మీ జేబులోంచి పెట్టాలి, తర్వాత రసీదులు చూపిస్తే చెల్లిస్తారు. డబ్బు లేకనే గ్రాంటుకు వచ్చిన సంఘం, తన దగ్గర డబ్బుందని ముందు రుజువు చేసుకోవాలన్నమాట. అనుమతి రాకముందే తొందరపడి కంకర కొన్నారో, ఆ బిల్లు గోడకు తగిలించుకోవడానికి పనికొస్తుంది.

ఈ ప్రోగ్రామ్‌లో సాధారణంగా 80 శాతం వాళ్లిస్తే 20 శాతం మీరు వేసుకోవాలి. ఆ 20ని చెమటగా కట్టే వీలుంది. వాలంటీరు గంటకు ఇండిపెండెంట్ సెక్టర్ అనే సంస్థ 2024కి కట్టిన విలువ 34.79 డాలర్లు. ఆ రేటు ఒప్పుకునే చోట 50 వేల డాలర్ల పనిలో మీ వాటా పదివేలకు 288 గంటలు సరిపోతాయి. 24 మంది, రెండు శనివారాలు, పూటకు ఆరు గంటలు. పేరు, తేదీ, గంటలు, సంతకం ఉన్న పట్టీ మాత్రం జాగ్రత్త. సంతకం పెట్టకుండా బండరాయి దొర్లించినవాడు లెక్కల్లో రాయి దొర్లించనట్టే.

ఇక వాన. దానికి ఈ నిబంధనలేవీ తెలియవు. వానకు తట్టుకోవాలంటే బాట వాలు కొండ వాలులో సగానికి మించకూడదు, సగటున పది శాతం దాటకూడదు. బాటను పూర్తిగా కొండలోకి తొలిచే వేయాలి, తవ్విన మట్టిని అంచున పోసి వెడల్పు చేస్తే జారిపోతుంది. లోయ వైపుకు అయిదు శాతం వాలు, అంటే మూడడుగుల బాటకు రెండంగుళాలలోపే, ఉంచితే నీళ్లు అడ్డంగా దాటిపోతాయి. ఇంతా చేశాక జనం నడుస్తారు. మధ్యలో అణుగుతుంది, బయటి అంచున చిన్న గట్టు లేస్తుంది. బయటికి పోవాల్సిన నీళ్లు ఆ గట్టు తగిలి బాట వెంటే దిగడం మొదలుపెడతాయి, మరుసటి ఏటికి అది బాట కాదు, కాలువ. నీళ్లు మళ్లించడానికి అడ్డంగా పాతిన దుంగలు వెనక మట్టి నిండగానే పనికిరాకుండా పోతాయి. ఇంతలో సభ్యత తెలిసిన మనవాళ్లు వారాంతానికి కొత్త బూట్లతో దిగుతారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటూ పక్కనుంచి తప్పుకుంటారు. మూడడుగుల బాట పదడుగులవుతుంది. అడుసులోంచే నడవండి బాబూ అని బోర్డు పెడితే, ఆ బోర్డుకు మాత్రం గ్రాంటు రావచ్చు.

బయటి అంచున లేచిన ఆ గట్టు తీయడానికి మెక్లౌడ్ అనే పనిముట్టు చాలు. ఒక పక్క గొర్రు పళ్లు, మరో పక్క పార అంచు. నీళ్లు బయటికి పోవడానికి బాటలో ఉంచిన పల్లంలో పూడిక ఎత్తి, అంచు తెంచి, లాగిన మట్టిని లోయ వైపు దూరంగా చల్లాలి. అంచునే కుప్ప పోస్తే మళ్లీ గట్టే.

కాబట్టి మా ప్రతిపాదన వినయంగా మనవి చేస్తున్నాం. పూడిక తీసిన ప్రతి పల్లానికీ ఒక రిబ్బన్ కట్టాలి. దాతల పేర్లతో ఒక ఫలకం పెట్టాలి. కౌన్సిల్ సభ్యులొచ్చి వానాకాలానికి ముందోసారి, ఆకులు రాలాక ఒకసారి కత్తిరించాలి. ఒక్క మైలులోనే ఇలాంటి పల్లాలు బోలెడు కనక ఫొటోలకు కరువుండదు. కత్తెర ఖర్చు మాత్రం ముందు క్లబ్బే పెట్టుకోవాలి, రసీదు పోగొట్టుకోకూడదు.