వాడే వైద్యుడికి ఎంపికలో చోటివ్వాలి

అర్ధరాత్రి ఏరియా ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్‌లో సిజేరియన్ చేస్తున్న వైద్యురాలి చేతి గ్లౌజు చిరిగిపోయినా, కుట్టు దారం ముడి పడేలోపే తెగిపోయినా, వెన్నులో ఇచ్చిన మత్తుమందు చాలినంతగా పనిచేయకపోయినా ఆ క్షణంలో రోగి బంధువులకు జవాబు చెప్పుకోవలసింది ఆమె ఒక్కతే. ఆ గ్లౌజును, ఆ దారాన్ని, ఆ మందును ఎంపిక చేసినవారు అక్కడ ఉండరు. ఎంపిక చేసే వేళ ఆమెను అడిగినవారూ ఉండరు. ప్రభుత్వ ఆసుపత్రులకు మందులూ సామగ్రీ ఎంత చౌకగా కొన్నారు, టెండర్లలో అక్రమాలు జరిగాయా అన్న చర్చ తరచూ వింటూనే ఉంటాం. వాటిని రోగిపై వాడేవారి మాటకు ఆ కొనుగోలులో ఏపాటి విలువ ఉందన్న ప్రశ్న మాత్రం ప్రాణాలు పోయాకే వినిపిస్తోంది.

మన పొరుగునే ఉన్న బళ్లారిని మరచిపోలేం. 2024 నవంబరులో అక్కడి జిల్లా ఆసుపత్రిలో సిజేరియన్ చేయించుకున్న బాలింతలు అస్వస్థులై, ఐదుగురు ప్రాణాలు కోల్పోయారు. సిరలోకి ఎక్కించిన రింగర్ లాక్టేట్ ద్రావణంపై అనుమానాలు వెల్లువెత్తాయి. కర్ణాటక ప్రభుత్వం ఔషధ నియంత్రణాధికారిని సస్పెండ్ చేసింది. రాష్ట్ర ప్రయోగశాల నాసిరకమని తేల్చిన కొన్ని బ్యాచ్‌లను కేంద్ర ప్రయోగశాల ప్రమాణాలకు తగినవేనని ధ్రువీకరించిన సంగతీ అప్పుడే బయటపడింది. అంతకు ఎనిమిదేళ్ల ముందు, 2016లో హైదరాబాద్ సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న కొందరికి ఇన్ఫెక్షన్ సోకినప్పుడు కూడా అనుమానం ఇదే రకం ద్రావణంపైకి మళ్లింది. రెండు ప్రయోగశాలలు రెండు మాటలు చెబుతున్న చోట, మంచం పక్కన నిలబడి రోగిని చూస్తున్నవారి మాట మూడో సాక్ష్యం కావాలి. ఆ సాక్ష్యం చెప్పుకోవడానికి వ్యవస్థలో తలుపే లేకపోవడం మమ్మల్ని కలవరపెడుతోంది.

కేంద్రీకృత కొనుగోలు విధానాన్ని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. 1994లో తమిళనాడు వైద్య సేవల సంస్థను నెలకొల్పి, మందులన్నిటినీ ఒకేచోట కొని, ఒక్కో ఆసుపత్రికి ఒక్కో పాస్‌బుక్ ఇచ్చి, దానికి కేటాయించిన విలువ మేరకు అవసరమైనవే తీసుకునే వీలు కల్పించినప్పుడు దేశమంతా అటు చూసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1987లో పుట్టిన సంస్థే నేటి ఏపీఎంఎస్‌ఐడీసీ (ఆంధ్రప్రదేశ్ వైద్య సేవలు, మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థ); రాష్ట్రం విడిపోయాక తెలంగాణకు సొంత సంస్థ ఏర్పడింది. పెద్ద మొత్తంలో కొంటే ధర తగ్గుతుంది, దళారుల పాత్ర తగ్గుతుంది. ఆ మేలు నిలవాలి. పాస్‌బుక్ విధానంలోని అసలు పాఠం ఏమిటంటే, ధర బేరమాడే పని సంస్థది, అవసరం చెప్పే పని ఆసుపత్రిది. మన దగ్గర మొదటి సగాన్ని శ్రద్ధగా నేర్చుకుని రెండో సగాన్ని సరకు కోరుతూ ఆసుపత్రులు నింపే ఇండెంట్ ఫారాలకే వదిలేశామని మా అభిప్రాయం.

చిక్కంతా ‘ఎల్-1’ అనే అతి తక్కువ ధర నిబంధన దగ్గరుంది. సాంకేతిక బిడ్‌లో నిలిచిన సంస్థల్లో తక్కువ ధర కోట్ చేసినదే గెలుస్తుంది. స్పెసిఫికేషన్‌లో స్టెరైల్ గ్లౌజు, సైజు ఏడు, పొడవు ఇంత, మందం ఇంత అని ఉంటుంది. తొడుక్కునేటప్పుడు మణికట్టు దగ్గర చిరుగుతుందో లేదో ఆ కాగితం చెప్పలేదు. చిరుగుతుందన్న భయంతో ఒకదానిపై ఒకటి రెండు జతలు తొడుక్కుంటే చౌక గ్లౌజు ధర రెట్టింపైనట్టే. పిల్లల వార్డులో సిరలోకి మందు ఎక్కించే కాన్యులా మొన మొద్దుగా ఉంటే మూడు నెలల పసికందును రెండుసార్లు, మూడుసార్లు పొడవాలి. వాడిన కాన్యులాలూ అన్నే అవుతాయి, ఆ తల్లి కన్నీళ్లకు టెండరు పత్రంలో గడి ఉండదు. కుట్టు దారం నాసిరకమైతే కుట్లు విడిపోయిన రోగి మళ్లీ చేరతాడు, మరో వారం మంచం నిండుతుంది. రక్తపరీక్షల యంత్రం తక్కువ ధరకే వచ్చిందని సంతోషిస్తే, అందులో ఆ కంపెనీ రీజెంట్లే (పరీక్షకు వాడే రసాయనాలే) పనిచేస్తాయని తర్వాత తెలుస్తుంది. రీజెంట్ సరఫరా ఆగిన రోజు రోగి చేతికి బయటి ల్యాబ్ చీటీ వస్తుంది. ఇవన్నీ ల్యాబ్ టెక్నీషియన్‌కూ, స్టాఫ్ నర్సుకూ, డ్యూటీ డాక్టరుకూ కొనకముందే తెలిసిన విషయాలు.

కమిటీల్లో వైద్యులు అసలే లేరని మేము అనడం లేదు. బోధనాసుపత్రుల విభాగాధిపతులను పిలిచి స్పెసిఫికేషన్లు ఖరారు చేయించడం ఆనవాయితీగా ఉన్నదే. అయితే గుంటూరు, గాంధీ వంటి పెద్దాసుపత్రుల్లో సరిపోయే పరికరం పాడేరు, ఉట్నూరు ఏజెన్సీల్లో, కరెంటు వచ్చిపోయే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తుందని నమ్మకమేమిటి? అక్కడి వైద్యాధికారికి కావలసినది వోల్టేజీ ఒడుదొడుకులను తట్టుకునే యంత్రం, చెడితే రెండు రోజుల్లో బాగుచేసే మనిషి. ఆ మాట చెప్పగలవారు సమావేశ మందిరంలో లేకపోతే, పెట్టెలోంచి తీయని పరికరాలు స్టోరు గదిలో దుమ్ము కొట్టుకుపోతాయి.

వైద్యులు లోపం చెప్పాక కూడా నమ్మకపోవడం మరో జబ్బు. కరోనా రెండో ఉద్ధృతిలో, 2021లో, పీఎం కేర్స్ నిధి నుంచి మహారాష్ట్రలోని ఔరంగాబాద్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి 150 వెంటిలేటర్లు వచ్చాయి. వాడకంలోకి తెచ్చిన 113 లోపభూయిష్ఠంగా ఉన్నాయని బాంబే హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం దృష్టికి వచ్చినప్పుడు, వాటిని వాడడం ఆసుపత్రి సిబ్బందికే సరిగా రాలేదన్న ధోరణిలో కేంద్రం వాదించింది. ఆ వాదన న్యాయస్థానానికి నచ్చలేదు. ఊపిరి ఆడని రోగి పక్కన నిలబడి యంత్రంతో కుస్తీ పట్టినవారి మాటకు న్యాయస్థానం దాకా వెళితేనే విలువ దక్కడం ఏ వ్యవస్థకూ గౌరవం కాదు.

వైద్యులకు ఎంపికాధికారం ఇస్తే కంపెనీల ప్రతినిధులు వారి చుట్టూ చేరతారన్న అభ్యంతరం బలమైనదే. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ గుండె రక్తనాళంలో వేసే మందు పూత ఉన్న స్టెంటుకు రూ.29,600 గరిష్ఠ ధరగా నిర్ణయించేనాటికి, అవే స్టెంట్లు రోగి దగ్గరకు వచ్చేసరికి లక్ష దాటి పలికేవి. ఆ రోజుల్లో స్టెంటును ఎంచింది వైద్యులూ వారు పనిచేసే ఆసుపత్రులే. వైద్యులకు కానుకలు, విహారయాత్రలు ఇవ్వరాదంటూ 2024 మార్చిలో కేంద్రం ఔషధ మార్కెటింగ్ నియమావళిని నోటిఫై చేయవలసి వచ్చిందంటే జాడ్యం ఎంత లోతుకు పోయిందో తెలుస్తూనే ఉంది. అందుకే మేము కోరుతున్నది ఏ ఒక్క వైద్యుడి ఇష్టాయిష్టాలకో పట్టం కట్టడం కాదు. వేర్వేరు స్థాయుల ఆసుపత్రుల నుంచి వచ్చిన వైద్యులు, నర్సులు, ఫార్మసిస్టులు కలిసి, బ్రాండు పేరు కనపడకుండా చేసిన నమూనాలను వాడి చూసి, ఎవరికివారు రాతపూర్వకంగా మార్కులు వేయాలి. ఏ కంపెనీతోనైనా సంబంధం ఉంటే ముందే ప్రకటించి పక్కకు తప్పుకోవాలి. ఆ మార్కులను టెండరు ఫలితంతోపాటు బయటపెట్టాలి. పరీక్షలో నెగ్గిన సరకులో చౌకైనదాన్ని కొనడానికి మాకే అభ్యంతరమూ లేదు.

కొన్నాక కూడా వైద్యుడి పాత్ర ముగియదు. ఒక కంపెనీ కృత్రిమ తుంటి కీలు త్వరగా చెడిపోతోందని ఆస్ట్రేలియా కీళ్ల మార్పిడి రిజిస్ట్రీ పసిగట్టగలిగిందంటే, ఆపరేషన్ చేసిన ప్రతి వైద్యుడూ ఏ కీలు వేశాడో, ఎప్పుడు తీయవలసి వచ్చిందో ఏళ్ల తరబడి నమోదు చేయడమే కారణం. అక్కడ 2009 చివరలోనే మార్కెట్ నుంచి వెళ్లిన ఆ కీలును కంపెనీ ప్రపంచమంతటా వెనక్కు తీసుకున్నది 2010 ఆగస్టులో. మన దేశంలోనూ వైద్య పరికరాల దుష్ఫలితాలను నమోదు చేసే కార్యక్రమం 2015 నుంచి ఉంది. ఆరోగ్యశ్రీ మొదలై పద్దెనిమిదేళ్లు దాటింది. ఆ పథకం కింద వేసిన ప్రతి స్టెంటుకూ బ్రాండు, బ్యాచ్, తర్వాతి ఫలితం క్రమం తప్పకుండా నమోదుచేసి విశ్లేషిస్తే మన దగ్గరా అలాంటి హెచ్చరికలు ముందే అందేవి.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మందుల నిల్వలను ఈ-ఔషధి ద్వారా ఆన్‌లైన్‌లోనే చూస్తున్నారు. ఒకే బ్యాచ్‌పై రెండు ఆసుపత్రుల నుంచి ఫిర్యాదు వస్తే పరీక్ష ఫలితం తేలేదాకా ఆ బ్యాచ్ రాష్ట్రమంతటా అదే రోజు నిలిచిపోయే ఏర్పాటుకు పెద్ద ఖర్చేమీ కాదు. ఫిర్యాదు రాసిన వైద్యురాలికి ఏ చర్య తీసుకున్నారో గడువులోగా లిఖితపూర్వకంగా తెలపాలి. సరకు బాగాలేదని రాసినందుకు సంజాయిషీ మెమో రాదన్న హామీ ముందుగా ఆమెకు దక్కాలి. అది లేకపోతే ఆమె ఫిర్యాదు రాయడం మాని, రోగి బంధువుల చేతికి బయట కొనుక్కురమ్మని చీటీ రాసిస్తుంది. సరకుల ధరలు ఖరారు చేసే వచ్చే రేట్ కాంట్రాక్టు ప్రకటన వెలువడేలోగా వైద్య ఆరోగ్య శాఖలు ఈ హామీని ఉత్తర్వు రూపంలో ఇవ్వాలి.