ఖాళీ గడిని ఉచితమని చదివే ధరల పట్టిక గారికి

మహారాజశ్రీ పైపుల ధరల పట్టిక గారి సముఖానికి,

తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్క సందులో, రెండు కంప్యూటర్లూ తిరిగితే కిర్రుమనే ఒక ఫ్యానూ ఉన్న చిన్న ఇంజనీరింగ్ ఆఫీసు నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలని చిన్నప్పుడు నేర్పారు. మీరు కుశలంగానే ఉంటారు. మీలో సగం గడులు ఖాళీగా ఉన్నా, మొత్తం ఖర్చును పైసలతో సహా తేల్చి చెప్పగల ధైర్యం మీది. కుశలం లేనిది నా వైపే.

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వాళ్లు, కూలింగ్ టవర్ నుంచి లోపలికి నీళ్లు తెచ్చే లైను గీసిమ్మన్నారు. సెకనుకు 10 లీటర్ల నీళ్లు, 230 మీటర్ల దూరం. పెద్ద పనేమీ కాదు. మా మేస్త్రీ అయితే సైటు ఒకసారి నడిచి వచ్చి, సిగరెట్ పెట్టె వెనక లెక్క రాసిచ్చేవాడు. కానీ మా సారు కొత్తగా సాఫ్ట్‌వేర్ కొన్నారు. అది నీళ్ల ఒత్తిడి చెప్పడమే కాదు, అన్నింటికన్నా చౌకైన పైపు సైజు కూడా తానే ఎంచి పెడుతుందట. "నువ్వు ధరలు నింపు చాలు, మిగిలింది అది చూసుకుంటుంది" అన్నారు సారు. ఆ "చాలు" అన్న మాటతోనే మీకూ నాకూ పరిచయం.

మొదటిసారి తెరిచినప్పుడు మీరు ఖాళీగా లేరు. ఎవరో పుణ్యాత్ముడు నమూనా కోసం కొన్ని ధరలు ముందే నింపి ఉంచాడు, అడుగుకు ఇన్ని డాలర్లని. ఇక్కడికి గంట ప్రయాణంలో శ్రీకాళహస్తి దగ్గర డక్టైల్ ఇనుప పైపులు పోస్తున్నారు, లారీలు మా ఆఫీసు ముందు నుంచే పోతుంటాయి. మీరేమో ఏ సముద్రం అవతలి ధరనో, ఏ సంవత్సరం నాటిదో చెప్పకుండా నా ముందు పెట్టారు. పైగా పక్కనే ఒక గుణకం గడి. పాత ధరను దాంతో హెచ్చవేస్తే కొత్త ధర వస్తుందట. అన్ని ధరలూ ఒకే అడుగు వేస్తూ కవాతు చేస్తాయని మీకెవరు చెప్పారు? ఇనుము పెరిగిన నెలలో ప్లాస్టిక్ తగ్గవచ్చు. రెండూ కదలని నెలలో వెల్డరు కూలి పెరగవచ్చు.

సరే, అవన్నీ చెరిపేసి మన ధరలు నింపుదామని బజారుకు బయలుదేరాను. అక్కడ ఒక్కో సరుకుకు ఒక్కో భాష. జీఐ పైపు మీటరు లెక్క, కొన్ని షాపుల్లో ఇంకా అడుగు లెక్కే. పీవీసీ లెంగ్త్ లెక్క, అంటే ఒక్కో నిండు పైపు ముక్కకు ఇంతని. స్టెయిన్‌లెస్ స్టీలు కిలో లెక్క. మీకు మాత్రం అన్నీ మీటరుకు ఇంత అనే కావాలి. నాలుగు అంగుళాల షెడ్యూల్ 40 పైపు (షెడ్యూల్ అంటే పైపు గోడ మందాన్ని చెప్పే పేరు) మీటరుకు 16.07 కిలోలు తూగుతుంది, 6 మీటర్ల లెంగ్త్ ఒకటి 96 కిలోల పైమాట. ఈ లెక్కలన్నీ వేసుకుని వచ్చాక, మా ఆఫీసు కుర్రవాడు లెంగ్త్ ధరను తీసుకెళ్లి మీటరు గడిలో పెట్టాడు. పైపు ఖర్చు ఆరు రెట్లయింది. మీరు కిమ్మనలేదు. బజారులో ఏ దుకాణదారుడైనా "అంత ధర ఎక్కడిది సార్?" అని నవ్వేవాడు. మీకు నవ్వు రాదు, సందేహమూ రాదు.

దుకాణదారుడి మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. అచ్చేసిన ధరల జాబితా ఒకటి ఉంటుంది, దాని మీద ఎవరూ కొనరు. జాబితా మీద తగ్గింపు ఎంత అన్నదే అసలు ధర. ఆ తగ్గింపు మీరు ఎన్ని లెంగ్తులు కొంటారు, డబ్బు ఇప్పుడిస్తారా, నెల తరువాత ఇస్తారా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ పైన 18 శాతం జీఎస్టీ, ఆ పైన లారీ బాడుగ, ఆ పైన దింపుడు కూలి. ఇందులో దేన్ని మీ గడిలో పెట్టమంటారు? నేను ఒక గడిలో పన్నుతో సహా వేశాను, ఇంకో గడిలో పన్ను లేకుండా వేశాను. ఒప్పుకుంటున్నాను, తప్పు నాదే. కానీ రెండూ మీ ఒడిలో పక్కపక్కనే అన్నదమ్ముల్లా కూర్చున్నప్పుడు మీరు చూస్తూ ఊరుకున్నారే, అదే నా బాధ.

మా జిల్లాల మామిడిని మీ గడిలో పట్టించగలరేమో చూద్దాం. 2025 సీజన్‌లో తోతాపురి కిలోకు 12 రూపాయలు రైతుకు అందాలని నిర్ణయించారు. అందులో 8 రూపాయలు ఫ్యాక్టరీ ఇవ్వాలి, 4 రూపాయలు ప్రభుత్వం ఇవ్వాలి. ఒకే కాయ, రెండు చోట్ల నుంచి ధర, అదీ వేర్వేరు రోజుల్లో. ఎండలో ట్రాక్టరు మీద వరుసలో నిలబడ్డ రైతుకు ఆ రోజు ధర ఎంత అని అడిగితే ఒక్క అంకెలో చెప్పలేడు. మీరైతే చెప్పేస్తారు.

ఇక అతుకుల సంగతి. మీ దగ్గర పైపుకు గడి ఉంది, మలుపు దగ్గర పెట్టే ఎల్బోకు ఉంది, వాల్వుకు ఉంది. వెల్డరుకు లేదు. మా దగ్గర వెల్డింగుకు ఇంచ్ డయా లెక్కన డబ్బు ఇస్తారు. నాలుగు అంగుళాల అతుకు ఒకటి నాలుగు ఇంచ్ డయా. 230 మీటర్లకు 39 లెంగ్తులు, వాటి మధ్య 38 అతుకులు, అంటే ఎల్బోలు కలపకముందే 152 ఇంచ్ డయా. మూడు అంగుళాలైతే 114. ఆ మనిషి నిప్పురవ్వల మధ్య కూర్చుని చేసే పనంతా మీకు కనిపించాలంటే, ఆరు మీటర్లకు ఒక అతుకు కాబట్టి అతుకు కూలిలో ఆరో వంతు తీసి, మీటరు పైపు ధరలో రహస్యంగా కలపాలి. కలిపాను. మనిషి కూలిని ఇనుము ధరలో దాచడం నాకేమీ గొప్పగా అనిపించలేదు.

అంతా నింపి మీట నొక్కితే సగం లైను ఖర్చు సున్నా అని వచ్చింది. రెండు రోజులు వెతికాను. ధర నేను "షెడ్యూల్ 40" పేరు కింద రాశాను. బొమ్మలో సగం పైపులను మా కుర్రవాడు "స్టాండర్డ్" అనే పేరుతో గీశాడు. పది అంగుళాల వరకు ఆ రెండూ ఒకటే పైపు, ఒకటే మందం. పన్నెండు అంగుళాల దగ్గరే దారులు వేరవుతాయి. ఈ సంగతి బజారులో సరుకు మోసే కుర్రాడికి కూడా తెలుసు. మీ దృష్టిలో మాత్రం ఇద్దరూ వేరు వేరు మనుషులు. ఒకరికి ధర ఉంది, ఇంకొకరు అనాథ. పేరులో ఒక్క అక్షరం తేడా ఉందని పింఛను ఆపేసే కార్యాలయాల మీద మేము కోపపడుతుంటాం. వాళ్లు కనీసం ఆపుతారు. మీరు ఆపకుండా సున్నా వేసి సాగిపోతారు.

వడ్డీ దగ్గర మీ తప్పు లేదు, అయినా చెప్పుకోవాలి. పైపు చిన్నదైతే కొనేటప్పుడు చౌక, నడిపేటప్పుడు ఖరీదు. నీళ్ల రాపిడి వ్యాసం అయిదో ఘాతాన్ని బట్టి మారుతుంది. మూడు అంగుళాల పైపులో నష్టం నాలుగు అంగుళాల దానికి దాదాపు నాలుగు రెట్లు. మా లైనులో ఆ తేడా సుమారు పది మీటర్ల ఎత్తుకు నీళ్లు తోడినంత. ఆ అదనపు కరెంటు బిల్లు ఇరవై ఏళ్లకు ఈనాటి డబ్బులో ఎంతో చెప్పడానికి మీరు రెండు అంకెలు అడిగారు, ఏడాదికి ఎన్ని గంటలు నడుస్తుందని, వడ్డీ ఎంతని. గంటల గడిలో 8,760 ముందే ఉంది. ఏడాదిలో గంటలన్నీ అవే. మామిడి ఫ్యాక్టరీ ఏడాదంతా నడుస్తుందని అనుకునే అమాయకుణ్ణి మిమ్మల్నే చూశాను. సీజను డెబ్బై అయిదు రోజులు, రోజుకు ఇరవై గంటలు, వెరసి 1,500. వడ్డీ ఎంతని యజమానిని అడిగితే "రెండు రూపాయల వడ్డీకి తెస్తున్నాం" అన్నాడు. మా కుర్రవాడు 2 వేశాడు.

మీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. మా ఊళ్లలో రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు రూపాయలు. ఏడాదికి 24. పంపు సామర్థ్యం 60 శాతం, కరెంటు యూనిట్ 7 రూపాయలు అనుకుంటే, ఆ పది మీటర్లు అదనంగా తోడడానికి సీజనులో అయ్యే ఖర్చు 17 వేల చిల్లర. ఇరవై ఏళ్లకు దాన్ని 2 శాతం మీద లెక్కిస్తే ఈనాటి విలువ 2.8 లక్షలు, 24 శాతం మీద లెక్కిస్తే 70 వేలు. నాలుగు అంగుళాలకు వెళితే అదనంగా పడే ఇనుము 1,100 కిలోలు, కిలో 80 అనుకున్నా 88 వేలు. అంటే ఒక లెక్కలో నాలుగు అంగుళాలు గెలుస్తుంది, ఇంకో లెక్కలో మూడు. రెండింటి మధ్య తేడా, నెలా ఏడాదా అని అడగని ఒక్క ప్రశ్న. ఆ ప్రశ్న అడగవలసింది నేనే. అందుకే ఇందులో మీ తప్పు లేదన్నాను.

ఇప్పుడు అసలు నేరానికి వస్తాను. అంతా సరిదిద్దాక, మూడా నాలుగా తేల్చమని మీ ముందు పెట్టాను. మీరు ఎంచినది మూడున్నర అంగుళాలు. ఒక చోట కాదు, 230 మీటర్లకూ మూడున్నర. ఎల్బోలు మూడున్నర, వాల్వులు మూడున్నర. మొత్తం ఖర్చు చూసి మా సారు ముఖం వికసించింది. ఇంత తక్కువా అన్నారు. పైపు కొనిరమ్మని నన్ను బజారుకు పంపారు.

దుకాణదారుడు కళ్లద్దాలు పైకి నెట్టి నన్ను చూశాడు. "మూడున్నరా? నేను షాపు పెట్టినప్పటి నుంచి ఎవరూ అడగలేదు సార్. మూడు తీసుకోండి, నాలుగు తీసుకోండి. మధ్యలో ఏముంటుంది?"

మధ్యలో మీరున్నారు. మూడున్నర అంగుళాల పైపు ప్రమాణాల పుస్తకంలో ఉంది. బయటి వ్యాసం 101.6 మిల్లీమీటర్లని రాసి కూడా ఉంది. బజారులో లేదు. బజారులో లేదు కాబట్టి ఎవరూ ధర చెప్పలేదు. ధర చెప్పలేదు కాబట్టి నేను గడి ఖాళీగా వదిలాను. ఖాళీ అంటే "తెలియదు" అని నా ఉద్దేశం. మీరు దాన్ని "ఉచితం" అని చదివారు. ఉచితంగా దొరికేదాన్ని వదిలి డబ్బు పెట్టేవాడెవడు? ఎక్కడ ఖాళీ ఉందో అక్కడికి వెళ్లి కూర్చున్నారు. నేను ఎంత శ్రమపడి మిగతా గడులు నింపితే, ఆ ఖాళీ గడి అంత చౌకగా కనిపించింది.

అయ్యా, ఉచితమంటే ఏమిటో తిరుపతి వాళ్లకు చెప్పకండి. కొండ మీద సర్వదర్శనానికి టికెట్ లేదు. మూడు వందల రూపాయల టికెట్ పక్కన పెట్టి చూస్తే మీ లెక్కలో అది సున్నా. పసిబిడ్డను భుజాన వేసుకుని కంపార్ట్‌మెంట్‌లో రాత్రంతా కూర్చుని తెల్లవారుజామున బయటికి వచ్చిన తల్లిని అడిగితే, ఆ సున్నా లోపల ఏముందో చెబుతుంది. ఆమెకు అది భారం కాదు, అది వేరే మాట. కానీ సున్నా మాత్రం కాదు.

మా మేస్త్రీ నోటుపుస్తకం ఒకటి నా దగ్గరుంది. ఆయన పని మానేస్తూ ఇచ్చిపోయాడు. ధర తెలియని సరుకు ఎదురైన చోట ఆయన అంకె వేయలేదు, చిన్న సున్నా చుట్టి దాని కడుపులో చుక్క పెట్టాడు. ఆ చుక్క ఉన్నంతవరకు కింద మొత్తం కూడడు. "ఇంకా రెండు చుక్కలున్నాయి, మొత్తం రేపు చెబుతాను" అనేవాడు. ఫ్యాక్టరీ వాళ్లు విసుక్కునేవారు, ఆయన కదిలేవాడు కాదు. లైసెన్సు డబ్బు పోసి మిమ్మల్ని తెచ్చుకున్నాం, ఆ ఒక్క చుక్క మీ దగ్గర లేదు.

చివరికి లైను మూడు అంగుళాలతోనే వేశారు. ఎల్బోలు, వాల్వులు కలిపి చూసినా ఆ వడ్డీకి, ఆ గంటలకు అదే నయం. మూడున్నర బొమ్మల కట్టను నేను పాత కాగితాలవాడికి వేశాను. అతను కిలో లెక్కన ధర కట్టాడు, అక్కడికక్కడే లెక్క పెట్టి ఇచ్చాడు.

మీ మూడున్నర గడిని ఖాళీగా ఉంచడానికి నాకిక ధైర్యం చాలలేదు. అందులో మీటరుకు 9,99,999 అని వేశాను. నిన్న మా కుర్రవాడు పట్టిక తెరిచి చాలాసేపు దాన్నే చూశాడు. "సార్, ఈ సైజును బంగారంతో చేస్తారా?" అని అడిగాడు.

ఇట్లు,
మీ గడులు నింపే ఉద్యోగి

తా.క.: అయిదు అంగుళాల గడి కూడా ఖాళీగానే ఉందని ఈ లేఖ రాస్తుండగా గమనించాను. దయచేసి దాని వైపు చూడవద్దు. సోమవారం బజారుకు వెళ్తున్నాను.