ఫ్యాను రెక్కల వేదాంతం

మా చర్చి సంఘంలో ఎనిమిది ఫ్యాన్లున్నాయి. ఒక్కోదానికి మూడు రెక్కలు, రెక్కకో ముక్క ఎర్ర పెయింటుతో: మొదటిదాని మీద దాత పేరు, రెండోదాని మీద ఊరు, మూడోదాని మీద "తండ్రిగారి జ్ఞాపకార్థము". నల్గొండ ఎండలు తెలిసినవాళ్లకు ఫ్యాను కానుక విలువ విడమరచి చెప్పక్కర్లేదు. మే నెలలో పదకొండు గంటలకు రేకుల కింద కూర్చున్న సంఘానికి నరకం గురించి పాస్టరు అయ్యగారు ప్రత్యేకంగా ప్రసంగించే పని ఉండదు.

క్రైస్తవ జీవితంలో కానుకకున్న ఆత్మీయ అర్థం ఏమిటో యూత్ మీటింగులో నన్ను మాట్లాడమన్నారు. రెండు వారాలు ఆ ఫ్యాన్ల కిందే కూర్చుని ధ్యానం చేశాను. తేలింది రాస్తున్నా.

కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని మత్తయి ఆరో అధ్యాయంలో యేసు అన్నాడు. అన్నది చేతుల గురించి, రెక్కల ఊసు అందులో లేదు. పైగా ఫ్యాను తిరుగుతున్నంతసేపూ దాత పేరు ఎవరికీ కనబడదు, గుండ్రంగా ఒక ఎర్ర గీత కనిపిస్తుంది అంతే, కాబట్టి కరెంటు ఉన్నంతవరకూ అది శుద్ధమైన రహస్య దానమే. కరెంటు పోయినప్పుడు మాత్రం రెక్కలు నెమ్మదించి, ఆగి, జనం కొంగులతో విసురుకుంటూ "ఎప్పుడొస్తదో" అని పైకి చూసేసరికి అక్కడ దాత పేరు ప్రత్యక్షమవుతుంది. గాలి ఆగాకే గాలి ఇచ్చినవాడు గుర్తుకొచ్చే ఈ ఏర్పాటు మనుషుల తెలివితో అయ్యేది కాదు.

ఈ జ్ఞానం లేక నష్టపోయినవాళ్లు తూర్పుదేశపు జ్ఞానులు. అంత దూరం నుంచి బంగారం, సాంబ్రాణి, బోళం మోసుకొచ్చి ఇచ్చారు, ఒక్క పెట్టె మీద పేరు రాయించుకోలేదు. మత్తయి సువార్తలో వాళ్ల పేర్లు లేవు, ఎంతమందో లెక్క కూడా లేదు. కానుకలు మూడు గనక మనుషులూ ముగ్గురే అయి ఉంటారని తర్వాతివాళ్లు అనుకుని, కాస్పర్, మెల్కియోర్, బల్తజార్ అని పేర్లు పెట్టారు. బెత్లెహేములో ఒక పెయింటర్ దొరికి ఉంటే ఈ గందరగోళం ఉండేదా?

అంత దూరం ఎందుకు, 1890ల్లో నల్గొండలో అబ్రహాం ఫ్రీసెన్ అని రష్యా సామ్రాజ్యం నుంచి వచ్చిన మిషనరీ ఉండేవాడు, అమెరికన్ బాప్టిస్టు మిషన్‌తో కలిసి పనిచేశాడు. ఆయన వెనక అక్కడి మెన్నోనైట్ అనే క్రైస్తవ శాఖ పల్లెల వాళ్ల చందాలున్నాయి. నల్గొండ ఎక్కడుందో చూడనివాళ్లు, చూడబోనివాళ్లు. వాళ్లలో ఒక్కరి పేరైనా మా ఫ్యాన్ల మీద లేదు. ఫ్యాన్లు రాకముందే పోయారు, వాళ్ల ఖర్మ.

కోతకాల పండుగకు జనం కానుకగా తెచ్చినవాటి వేలంపాట చూసి తీరాలి. పోయినసారి ఇద్దరు పెద్దలు పంతం పట్టి ఒక సొరకాయను రెండు వేల రెండొందల దాకా లాగారు. పాడుకున్నాయన పేరు మైకులో మూడుసార్లు, చప్పట్లతో సహా. ఆ సొరకాయను పెరట్లో కాయించి, నెత్తిన గంపలో తెచ్చినామె పేరు అడిగితే సెక్రటరీగారు పుస్తకం తిప్పి చూసి "ఇతరులు" అన్నారు. మార్కు సువార్తలో రెండు కాసులు వేసిన బీద విధవరాలు మా సంఘంలో వేసి ఉంటే ఆమె కూడా ఇతరుల్లోకే వచ్చేది. మా లెక్కలు పక్కా.

మా నాయనమ్మ కాలంలో పిడికెడు బియ్యం ఉండేది. ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి డాల్డా డబ్బాలో వేసేది, తవ్వెడు బియ్యమే ఉన్న రోజైనా సరే, ఆ పిడికెడు ముందు పక్కకు పోవాల్సిందే. ఆదివారం ఆడవాళ్లంతా డబ్బాలు తెచ్చి ఒకే గంపలో గుమ్మరించేవాళ్లు. దొడ్డువి, సన్నవి, రేషన్‌వి, కొత్తవి, పాతవి అన్నీ కలిసిపోయేవి. పాస్టరమ్మ వండితే కొత్త బియ్యం ముద్దయ్యేది, పాతవి ఇంకా పలుకు మీదే ఉండేవి, అదే అన్నం అయ్యగారి పిల్లలు తినేవాళ్లు. ఈ పద్ధతిలో పెద్ద లోపం మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది: ఏ గింజ ఎవరిదో తేల్చలేం. అందుకే నిలవలేదు.

నన్ను కూడా అడగొచ్చు మీరు, నువ్వేం ఇచ్చావని. వేదిక పక్కన గోడ గడియారం నాదే. అందులో అంకెల కన్నా నా పేరు పెద్దగా ఉంటుంది. ఏడాదిగా అది పదకొండూ నలభైలోనే ఉంది, బ్యాటరీ అయిపోయింది, ఎవరూ మార్చరు, బ్యాటరీ మీద పేరు రాసే చోటెక్కడిది? "టైం ఆగినా నీ పేరు ఆగలే" అంటుంది నా భార్య.

అసలు సంక్షోభం ఈ వేసవిలో వచ్చింది. అయ్యగారు ఇన్వర్టర్ కొందామన్నారు. కమిటీలో ఫ్యాన్లిచ్చిన ఎనిమిది మందీ ఒక్కమాట మీద నిలబడ్డారు. "ఇన్వర్టర్ ఎందుకు అయ్యగారూ, ఆదివారం రెండు గంటల పనే గదా, జనం జర ఓర్చుకుంటరు" అన్నాడు ఒకాయన. బయటికి అనలేదు గానీ కరెంటు పోయినా ఫ్యాన్లు ఆగకపోతే ఇక ఆ రెక్కలు చదివేదెవరు? రెండు ఆదివారాలు అదే టెన్షన్. అయ్యగారు ఊరికే అయ్యగారు కాలేదు, ఇన్వర్టర్ పెట్టె ముందుభాగం ఎంత వెడల్పుంటుందో చేతులు చాపి చూపించారు. మరుసటి ఆదివారానికి నలుగురు దాతలు దొరికారు.

తీరా తెచ్చాక దాన్ని వెనక గదిలో పెట్టాల్సి వచ్చింది, అక్కడ పేరు ఎవరికీ కనిపించడం లేదు. ఆ గదికి అద్దం తలుపు పెట్టించాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. తలుపు ఎవరిస్తారన్నది వచ్చే ఆదివారం తేలుతుంది.