పలక, బలపం, కార్మిక శాఖ

అమెరికాలో ప్రభుత్వ బడులకు ఫెడరల్ నిధులు కావాలని అడిగేవాళ్ల పని 2025 జనవరి 20న ట్రంప్ గారు మళ్లీ గద్దెనెక్కాక చాలా సులువైంది. గిట్టనివాళ్లు ఒప్పుకోరు, నేను ఒప్పుకుంటాను. అంతకుముందు ఎవరిని అడగాలో తెలిసేది, ఎందుకు ఇవ్వరో తెలిసేది కాదు. ఇప్పుడు ఎందుకు ఇవ్వరో స్పష్టంగా తెలుసు, ఎవరిని అడగాలన్నదే తేలాలి. సగం సమస్య తీరినట్టే కదా.

ముందుగా ఈ ప్రభుత్వ నిజాయితీని మెచ్చుకోవాలి. ఒక శాఖను నీరుగార్చాలనుకునేవాళ్లు మామూలుగా ఆ సంగతి పైకి చెప్పరు. కమిటీ వేస్తారు, దాని కింద ఉపకమిటీ వేస్తారు. ట్రంప్ గారు అలాంటివారు కాదు. లిండా మెక్‌మాన్ గారిని విద్యాశాఖకు ఎంచుకుని, తన పదవి తనకే లేకుండా చేసుకునేంత బాగా ఆమె పని చేయాలని ఆశిస్తున్నట్టు విలేకరుల ముందే చెప్పేశారు. ఆవిడ డబ్ల్యూడబ్ల్యూఈ కుస్తీ కంపెనీని ఏళ్ల తరబడి నడిపిన మనిషి. రింగులో ఎవరు పడిపోవాలో ముందే రాసిపెట్టుకుని ఆడే ఆట అది. అనుభవానికి తగ్గ పని ఇచ్చారు. మార్చి 3న సెనేట్ ఆమోదం వచ్చింది. 'మన శాఖ చివరి మిషన్' అంటూ సిబ్బందికి ఆ రోజే లేఖ వెళ్లింది. మరో ఎనిమిది రోజులకు, 4,133 మంది ఉన్న శాఖను సుమారు 2,183కి కుదిస్తున్నట్టు ప్రకటన వచ్చింది. చాలా ఆఫీసుల్లో కొత్తగా చేరినవాడికి లాప్‌టాప్ రావడానికే ఇంతకంటే ఎక్కువ టైమ్ పడుతుంది.

మార్చి 20న వైట్‌హౌస్‌లో శాఖ మూసివేత ఉత్తర్వు మీద సంతకం జరిగింది. అధ్యక్షుడికి ఇరువైపులా పిల్లల్ని స్కూలు డెస్కుల ముందు కూర్చోబెట్టి, వాళ్ల చేతికీ తలా ఒక కాగితం ఇచ్చి సంతకాలు చేయించారు. విద్యాశాఖ మీద ఇంతకాలం వచ్చిన ప్రధాన ఆరోపణ, పిల్లలకు నేరుగా ఏమీ నేర్పదని. ఆ లోటు ఆ పూట తీరింది.

అయితే ఒక చిన్న చిక్కు. ఈ శాఖను పుట్టించింది 1979లో కార్టర్ సంతకం చేసిన చట్టం. చట్టం పుట్టించినదాన్ని కాంగ్రెస్ మాత్రమే రద్దు చేయగలదు. ఎత్తేస్తానని రీగన్ కూడా మాట ఇచ్చి గెలిచారు. కానీ ఆయన మంత్రి వేసిన కమిషనే 1983లో 'దేశం ప్రమాదంలో ఉంది, బడులు చూసుకోండి' అని నివేదిక ఇచ్చి కూర్చుంది. దాంతో శాఖ బతికిపోయింది. ఈసారి ఆ పొరపాటు జరక్కుండా ముందు పరిశోధన విభాగం కాంట్రాక్టులు రద్దు చేశారు. నివేదిక రాసేవాడే లేకపోతే ప్రమాదం ఎక్కడినుంచి వస్తుంది?

ఇక 'చదువును రాష్ట్రాలకు తిరిగి ఇచ్చేస్తున్నాం' అన్న నినాదం. పాఠ్యపుస్తకం ఎంపిక, సిలబస్, టీచర్ల నియామకం, ఏ క్లాసులో ఏం చెప్పాలన్నది, ఇవన్నీ ఎప్పటినుంచో రాష్ట్రాల దగ్గరా జిల్లా బోర్డుల దగ్గరా ఉన్నవే. సిలబస్ జోలికి ఫెడరల్ ప్రభుత్వం పోకూడదని 1979 చట్టంలోనే రాసుకున్నారు. బడుల ఖర్చులో ఫెడరల్ వాటా మామూలు రోజుల్లో పదో వంతు దరిదాపుల్లోనే ఉంటుంది. మిగతాదంతా రాష్ట్రం, ఊరు, మన ఇంటి మీద వేసే ప్రాపర్టీ టాక్స్. మన పొలానికే మనకు పట్టా ఇచ్చి, స్టేజీ మీద దండ వేయించుకుని, ఫొటో దిగి పంపే సభలు మనకు కొత్త కాదు గనుక తెలుగువాళ్లు దీన్ని త్వరగా అర్థం చేసుకోగలరు.

ఆ పదో వంతు అన్నది దేశం మొత్తానికి సగటు. ఇల్లు ఖరీదైన ఊళ్లో బడికి అది చిల్లర. మిసిసిపీ లాంటి చోట సగటుకు చాలా పైన ఉంటుంది. 1965లో లిండన్ జాన్సన్ టెక్సాస్‌లో తాను చిన్నప్పుడు చదివిన ఒంటిగది బడి దగ్గర, తనకు అక్షరాలు నేర్పిన టీచరమ్మను పక్కన కూర్చోబెట్టుకుని చట్టం మీద సంతకం చేసింది ఇందుకే. పేద పిల్లలున్న బడులకు అదనంగా డబ్బు ఇచ్చే టైటిల్ వన్ అప్పుడు మొదలైంది. ఇవాళ ఏడాదికి సుమారు 1,800 కోట్ల డాలర్లు. దాని మీద ఎక్కువగా ఆధారపడే రాష్ట్రాల్లో చాలావరకు ఈ ప్రభుత్వానికే ఓటేశాయి. త్యాగం అంటే ఇది. తమ బడి పైకప్పు మీదకి తామే నిచ్చెన వేసి ఇవ్వడం చరిత్రలో తరచుగా జరగదు.

అసలైన పాఠం 2025 జూలై 1న మొదలైంది. ఏటా ఆ రోజున రాష్ట్రాలకు చేరాల్సిన డబ్బులో దాదాపు 680 కోట్ల డాలర్లు ఆగిపోయాయి. కాంగ్రెస్ ఆమోదించిన డబ్బు అది. బడ్జెట్ చట్టం మీద ట్రంప్ గారే సంతకం పెట్టారు. వలస కూలీల పిల్లల చదువు, టీచర్ల శిక్షణ, ఇంగ్లీష్ రాని పిల్లలకు ఇంగ్లీష్ నేర్పడం, బడి వదిలాక సాయంత్రం తరగతులు, ఇవీ ఆగిన పద్దులు. ప్రభుత్వం మారింది కాబట్టి మళ్లీ పరిశీలిస్తున్నామని జూన్ 30న, అంటే ముందు రోజు, కబురు పంపారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మనవాళ్లు ఊరికే అనలేదు. ఈ గుడిలో పూజారి పేరు బడ్జెట్ ఆఫీసు, అధిపతి రస్సెల్ వోట్ గారు. రాడికల్ వామపక్ష ఎజెండాకు ఈ డబ్బు వెళ్తోందని వాళ్ల అనుమానం. సాయంత్రం నాలుగింటికి అమ్మ డ్యూటీ దిగి వచ్చేదాకా స్కూలు జిమ్‌లో బిస్కెట్ తింటూ లెక్కలు చేసుకునే మూడో క్లాసు పిల్లవాడిని నేను ఇంతవరకు ఆ కోణంలో చూడలేదు. చూడాల్సిందే.

ఇరవై నాలుగు రాష్ట్రాలు కోర్టుకెళ్లాయి. వాటి మాట విన్నారని చెప్పలేం. వెస్ట్ వర్జీనియా సెనేటర్ షెల్లీ మూర్ కాపిటో ముందు నిలబడి, సొంత పార్టీ సెనేటర్లు పది మంది ఉత్తరం రాస్తే మాత్రం రోజుల్లో కదిలింది. సాయంత్రం తరగతుల 130 కోట్లు ముందు వచ్చాయి, మిగతావి జూలై 25న వదులుతున్నామన్నారు. ఎందుకు ఆపారో తెలియదు, ఎందుకు వదిలారో మాత్రం అందరికీ తెలుసు. నిధుల కోసం పోరాడేవాళ్లు ఇందులోంచి నేర్చుకోవాల్సింది ఒకటే. న్యాయం, రాజ్యాంగం, కాంగ్రెస్ ఇచ్చిన డబ్బును అధ్యక్షుడు తనంతట తాను ఆపకుండా 1974లో నిక్సన్ పుణ్యమా అని వచ్చిన చట్టం, ఇవన్నీ ఫైల్లో వెనక పేజీల్లో పెట్టండి. మొదటి పేజీలో సెనేటర్ సొంత ఊళ్లో ఏ బడి తలుపు మూతపడుతుందో రాయండి. పక్కన ఆ ఊరి ఫుట్‌బాల్ టీమ్ పేరు కూడా రాయండి.

ఇక మనవాళ్ల సంగతి. ఆ డబ్బు ఆగిన వారంలోనే మన తెలుగు సంఘాల మహాసభలు జరిగాయి. పట్టుచీరలు, గోంగూర, సినిమా తారలు, వ్యాపార సదస్సు, వధూవరుల పరిచయ వేదిక. స్కూలు నిధుల మీద సదస్సు ఉందని ఎవరూ నాకు చెప్పలేదు. ఉండి ఉంటే గోంగూర వాసనలో కనపడలేదేమో. పిల్లల చదువు మీద మనకు పట్టింపు లేదని కాదు, ఉన్నది అదొక్కటే. ఫ్రిస్కోలోనో ఆష్‌బర్న్‌లోనో ఎడిసన్‌లోనో ఇల్లు కొనేటప్పుడు వంటగది చూడకముందే స్కూలు రేటింగ్ చూస్తాం. పదికి పది ఉన్న బడికోసం రెండు పడకగదులు వదులుకుంటాం. అలా కొనుక్కున్నాక ఫెడరల్ నిధులు మనకెందుకు, అవి పేదవాళ్ల గొడవ అనుకోవడం సహజం.

అనుకోవడానికి అడ్డం వచ్చేది అడ్మిషన్ ఫారంలో ఒక ప్రశ్న. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు? తెలుగు అని నిజం రాస్తే పిల్లకు ఇంగ్లీష్ పరీక్ష పెడతారు, తప్పితే ఇంగ్లీష్ రాని పిల్లలకు విడిగా పెట్టే ఈఎస్ఎల్ క్లాసులో వేస్తారు. అందుకే వాట్సాప్ గ్రూపుల్లో తరతరాల జ్ఞానం ఒకటి ప్రవహిస్తూ ఉంటుంది: 'అక్కా, ఇంగ్లీష్ అని రాసెయ్యండి, లేకపోతే టెన్షన్.' మహాసభల్లో అమ్మభాష వర్ధిల్లాలని చప్పట్లు, ఆగస్టులో ఫారం మీద ఆ భాష మాయం. ఈ విషయంలో మనమూ ప్రభుత్వమూ ఒక్క మాట మీదే ఉన్నాం. ఇంగ్లీష్ రాని పిల్లల కోసం ఇచ్చే 89 కోట్ల డాలర్ల పద్దును పూర్తిగా తీసేయాలని 2026 బడ్జెట్ ప్రతిపాదనలో వాళ్లే అడిగారు. అలాంటి పిల్లలు లేరని మనం రాశాం, లేని పిల్లలకు డబ్బెందుకని వాళ్లు అడిగారు. అమ్మమ్మ దగ్గర మూడేళ్లు పెరిగి, నిన్ననే గుంటూరు నుంచి దిగి, టీచరు అడిగిందానికి తల మాత్రమే ఊపుతున్న పిల్ల సంగతి ఏ లెక్కలోనూ లేదు.

ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు బడి రాసిచ్చే చదువు ప్రణాళిక, అంటే ఐఈపీ, ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ఇంకొంచెం ముందే మెలకువ వచ్చింది. మాట ఆలస్యమైన పిల్లవాడికి బళ్లో స్పీచ్ థెరపీ వస్తున్నది 1975 నాటి చట్టం వల్ల. అదనంగా అయ్యే ఖర్చుకోసం సగటు తలసరి ఖర్చులో 40 శాతం దాకా ఇస్తామని వాషింగ్టన్ అప్పట్లో మాటిచ్చింది. ఇప్పుడు ఇస్తున్నది 15 శాతం లోపే. ఈ పాపం అన్ని పార్టీలదీ, అందరూ పంచుకున్నారు. కొత్త ప్రభుత్వం చేసిన మార్పు వేరు. బడ్జెట్ కుదరక ప్రభుత్వ ఆఫీసులు మూతపడిన షట్‌డౌన్ నడుమ 2025 అక్టోబర్ 10న ఆ పిల్లల కార్యక్రమాలు చూసే విభాగంలోనే ఉద్యోగులకు తొలగింపు నోటీసులు ఇచ్చారు. నవంబర్‌లో షట్‌డౌన్ ముగించిన చట్టం వాటిని వెనక్కి తీసుకునేలా చేసింది. చట్టానికి యాభై ఏళ్లు నిండింది అదే నవంబర్ 29న. కేకు కోయడానికైనా మనుషులు మిగిలారు, సంతోషం.

మంత్రి మెక్‌మాన్ గారితో మాట్లాడేటప్పుడు కొన్ని జాగ్రత్తలు అవసరం. పొడి అక్షరాలతో పేర్లు చెప్పకండి. ఐడీఈఏ అని పిలిచే ఆ 1975 చట్టం పేరు విడమరిచి చెప్పమని టీవీలో అడిగితే, ఉద్యోగానికి కొత్త, సరిగ్గా చెప్పలేనన్నారు. ఏప్రిల్‌లో ఒక సదస్సులో పిల్లలకు ఏఐ నేర్పాలని చెబుతూ 'ఏ వన్' అన్నారు. ఆ పేరుతో స్టేక్ సాస్ అమ్మే కంపెనీ సంబరపడి సోషల్ మీడియాలో వేసుకుంది. కాబట్టి వినతిపత్రంలో ఏదైనా పూర్తిగా, పెద్ద అక్షరాల్లో రాయండి. అవసరమైతే సాస్ సీసా పక్కన పెట్టండి.

టీచర్లు లేరని మాత్రం మొరపెట్టుకోకండి, ఇబ్బంది పడతారు. స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్లు దొరకని పల్లె జిల్లాలు బయటి దేశాల నుంచి, మన హైదరాబాద్ నుంచి కూడా, మనుషుల్ని తెచ్చుకునేవి. సెప్టెంబర్‌లో విదేశాల నుంచి రప్పించే కొత్త హెచ్1బీకి లక్ష డాలర్ల రుసుము పెట్టారు. టీచరు జీతం కంటే గేటు ఫీజు ఎక్కువ.

నవంబర్ 18న వచ్చిన ఒప్పందాలు చూశాక నాకు ఈ ప్రభుత్వ తాత్వికత పూర్తిగా బోధపడింది. టైటిల్ వన్‌తో సహా బడి చదువు కార్యక్రమాలు చూసే పని చాలావరకు కార్మిక శాఖకు అప్పగించారు. కోటి విద్యలు కూటి కొరకే అని మన పెద్దలు ఒక్క ముక్కలో చెప్పినదాన్ని వీళ్లు శాఖల మధ్య ఒప్పందంగా రాసుకున్నారు. ఒకటో క్లాసు పిల్లవాడు ఇకనుంచి చిన్న సైజు కార్మికుడు. పలక పట్టుకోవడం శ్రమే కదా, బలపం పనిముట్టే కదా. యూనియన్ మాత్రం పెట్టనివ్వరు.

చరిత్ర తెలిసినవాళ్లకు ఇందులో వింత లేదు. అమెరికాకు మొదటి విద్యాశాఖ 1867లోనే వచ్చింది. దేశంలో బళ్లు ఎన్ని, పిల్లలు ఎందరు అని లెక్కలు సేకరించడం దాని పని. బడ్జెట్ 15,000 డాలర్లు, సిబ్బంది నలుగురు. కేంద్రం పెత్తనం పెరిగిపోతుందన్న భయంతో మరుసటి ఏడాదే దాన్ని శాఖ హోదా నుంచి కిందికి దించేశారు. 2025 కోతల తర్వాత జాతీయ విద్యా గణాంకాల కేంద్రంలో ముగ్గురే మిగిలారని వార్తలొచ్చాయి. 1867 కంటే ఒకరు తక్కువ. ఖర్చు అదుపు అంటే ఇలా ఉండాలి.

ఈ పంపకం ఇంకా సాగుతుంది. మధ్యాహ్న భోజనం ముందునుంచే వ్యవసాయ శాఖది. అంగన్‌వాడీ లాంటి హెడ్ స్టార్ట్ ఆరోగ్య శాఖది. అమెరికన్ ఇండియన్ పిల్లల చదువు కార్యక్రమాలు ఇంటీరియర్ శాఖకు, విదేశీ భాషల చదువు విదేశాంగ శాఖకు వెళ్లాయి. స్పెషల్ ఎడ్యుకేషన్ ఆరోగ్య శాఖకు, విద్యార్థుల అప్పులు చిన్న వ్యాపారాల ఆఫీసుకు వెళ్తాయని మార్చిలోనే అధ్యక్షుడు చెప్పారు. ఒక పిల్లవాడు ఉదయం లేచి బడికెళ్లి, అన్నం తిని, థెరపీ చేయించుకుని, ఇంటికొచ్చేలోపు మంత్రివర్గంలో సగం మందిని కలిసొస్తాడు. మా నాన్నల కాలంలో ఒక్క ఎమ్మార్వోని కలవడానికే మూడుసార్లు తిరిగేవాళ్లు.

నిధులు అడగడానికి వాషింగ్టన్ వెళ్లే పీటీఏ (తల్లిదండ్రులు, టీచర్ల సంఘం) తల్లులు ఇకపై వినతిపత్రం ఒక కాపీ కాకుండా ఆరు తీసుకెళ్లాలి. పార్కింగ్ ఆరుచోట్ల. ఖర్చు గురించి బెంగ వద్దు. 2025 జూలై 4న వచ్చిన చట్టం ప్రకారం 2027 నుంచి ప్రైవేటు బడి స్కాలర్‌షిప్పులకు విరాళమిస్తే 1,700 డాలర్ల దాకా టాక్సులో తిరిగొస్తాయి. ప్రభుత్వ బడి కోసం తీసిన జిరాక్సు కాపీలకు అది వర్తించదట. కార్మిక శాఖను అడిగి చూడండి.